ఆఫీసు కంప్యూటర్లలో అడ్మిన్ హక్కులు: ఎవరికి, ఎంతమేరకు, ఎంతకాలం

హైదరాబాద్‌లో యాభై నుంచి రెండు వందల దాకా కంప్యూటర్లు ఉన్న మధ్యతరహా కార్యాలయాల్లో, అవి హిమాయత్‌నగర్‌లోని ఆడిటింగ్ సంస్థలైనా, సోమాజిగూడలోని డయాగ్నస్టిక్ కేంద్రాలైనా, నాచారం పారిశ్రామికవాడలోని తయారీ యూనిట్లైనా, అడ్మిన్ హక్కుల పరిస్థితి తరచూ ఒకే రీతిలో కనిపిస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి మెషీన్లు వస్తాయి. వాటిని సిద్ధం చేసిన ఇంజనీరు అన్నింటికీ ఒకే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ పెట్టి వెళ్తాడు. డొమైన్‌లో, అంటే కార్యాలయంలోని కంప్యూటర్లను, ఖాతాలను ఒకేచోటి నుంచి నిర్వహించే వ్యవస్థలో, చేర్చేటప్పుడు ఆ పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చరు. తర్వాత అవసరం వచ్చిన ప్రతిసారీ ఒక్కో ఉద్యోగిని, ఆ కంప్యూటరు మీద పూర్తి అధికారమిచ్చే లోకల్ అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో చేరుస్తూ పోతారు; అవసరం తీరాక తీసేయడం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఈ మార్గదర్శి విండోస్ కంప్యూటర్లు, యాక్టివ్ డైరెక్టరీ (ఖాతాలు, కంప్యూటర్లు, గ్రూపుల వివరాలను సర్వర్‌లో ఉంచే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ) డొమైన్ ఉన్న కార్యాలయాలను ఉద్దేశించినది. సాధారణంగా ఈ పని ఉద్యోగుల హక్కులు తీసేయడంతో మొదలై, వారి నుంచి వచ్చే వ్యతిరేకతతో అక్కడే ఆగిపోతుంది. ఇక్కడ చెప్పే క్రమం వేరు. ముందుగా సరిదిద్దవలసినవి ఐటీ విభాగం సొంత ఖాతాలు. అన్ని మెషీన్లకూ ఒకటే అయిన లోకల్ పాస్‌వర్డ్, ప్రతి చిన్న మరమ్మతుకూ వాడేసే డొమైన్ అడ్మిన్ (డొమైన్ మొత్తం మీద అధికారమున్న) ఖాతా అనే ఈ రెండూ ఎవరూ అడగకుండానే ఉండిపోయిన హక్కులు. ఒక అకౌంటెంటుకు ఆమె కంప్యూటరు మీద ఇచ్చిన హక్కు కంటే ఇవి ఎన్నో రెట్లు ప్రమాదకరం. ఉద్యోగుల వంతు ఆ తర్వాతే వస్తుంది. అక్కడ కూడా అడిగినవారికి నిజంగా కావలసింది అడ్మిన్ హక్కు కాదని, ఫలానా పని జరగడమేనని గ్రహిస్తే సగం సమస్య తీరుతుంది.

ఈ హక్కుతో ఏమేమి చేతిలోకి వెళ్తాయి

లోకల్ అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో ఉన్న వ్యక్తి సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం, తీసేయడం మాత్రమే కాదు, యాంటీవైరస్‌ను ఆపగలరు, ఆ మెషీన్‌లోని ఇతరుల ఫైళ్లను తెరవగలరు, లాగ్‌లను చెరిపేయగలరు, ఆ సమయంలో అక్కడ లాగిన్ అయి ఉన్న ఇతర ఖాతాల పాస్‌వర్డ్ ఆనవాళ్లను మెమరీ నుంచి బయటికి తీయగలరు. ఇవన్నీ ఆ ఉద్యోగి స్వయంగా చేస్తారని కాదు. ఆమె తెరిచిన ఈమెయిల్ జోడింపులోని హానికర ప్రోగ్రాము ఆమె హక్కులతోనే నడుస్తుంది కాబట్టి, ఆమెకు ఉన్నవన్నీ దానికీ ఉంటాయి.

2007లో విస్టాతో వచ్చిన యూఏసీ, అంటే యూజర్ అకౌంట్ కంట్రోల్, దీనిని కొంత తగ్గించింది. అడ్మిన్ లాగిన్ అయినప్పుడు విండోస్ రెండు టోకెన్లు (ఆ ఖాతా హక్కులను చూపే గుర్తింపులు) తయారుచేసి, మామూలు పనులకు హక్కులు తగ్గించిన టోకెన్‌ను వాడుతుంది. పెద్ద పని వచ్చినప్పుడు అనుమతి అడుగుతుంది. అయితే అడ్మిన్ ఖాతాలో ఆ అనుమతి 'యెస్' అనే ఒక్క నొక్కుతో వస్తుంది. దీన్ని తాము భద్రతా సరిహద్దుగా పరిగణించబోమని మైక్రోసాఫ్టే చెప్పింది. అందువల్ల 'యూఏసీ ఉంది కదా, అందరూ అడ్మిన్లుగా ఉన్నా పరవాలేదు' అనే వాదన నిలవదు.

దీని తీవ్రత 2017 జూన్ 27న మొదలైన, నాట్‌పెట్యా అనే హానికర ప్రోగ్రాము దాడిలో ప్రపంచానికి తెలిసింది. భద్రతా లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లు కూడా అందులో పడిపోయాయి. ఒక మెషీన్‌లో చొరబడిన ఆ ప్రోగ్రాము మెమరీలోని అడ్మిన్ ఆధారాలను దొంగిలించి, దూరం నుంచి కంప్యూటర్లను నిర్వహించడానికి మామూలుగా వాడే పీఎస్ఎగ్జెక్, డబ్ల్యూఎంఐ అనే ఉపకరణాల ద్వారానే పక్క మెషీన్లలోకి పాకింది. ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో మేయర్స్క్ గ్రూపు నడిపే టెర్మినల్ పని కూడా దానివల్ల స్తంభించింది.

మొదటి దశ: ఉన్నదున్నట్టుగా జాబితా రాయడం

ఏ మార్పూ చేయకముందు, ప్రతి కంప్యూటరులోనూ అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో ఎవరెవరు ఉన్నారో సేకరించాలి. ఒక్క మెషీన్‌లో చూడటానికి కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లోని 'లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్' సరిపోతుంది. అన్నింటికీ కలిపి చూడాలంటే గ్రూప్ పాలసీ (డొమైన్‌లోని కంప్యూటర్లన్నింటికీ ఒకేచోటి నుంచి సెట్టింగులు పంపే సదుపాయం) ద్వారా, మెషీన్ ఆన్ అయినప్పుడు నడిచే ఒక చిన్న స్టార్టప్ స్క్రిప్టు నడిపి, దాని ఫలితాన్ని సర్వర్‌లోని ఒక షేర్ ఫోల్డరులో మెషీన్ పేరుతో రాయించడం సులభం. ఆ ఫోల్డరులోకి కంప్యూటర్ ఖాతాలకు రాసే హక్కు మాత్రమే ఇవ్వాలి. ఏ మెషీన్‌లో ఎవరు అడ్మినో చెప్పే జాబితా మామూలు ఉద్యోగుల కంటపడకూడదు.

ఫలితాల్లో నాలుగు రకాలు కనిపిస్తాయి. బిల్ట్-ఇన్ అడ్మినిస్ట్రేటర్, మెషీన్ డొమైన్‌లో చేరినప్పుడు దానంతటదే వచ్చే డొమైన్ అడ్మిన్స్ గ్రూపు ఎలాగూ ఉంటాయి. మూడోది, పేర్లతో చేర్చిన ఉద్యోగులు. నాలుగోది పేరు లేకుండా 'ఎస్-1-5-21' అని మొదలయ్యే పొడవైన సంఖ్యలు. ఇవి తొలగించిన ఖాతాల అవశేషాలు. వీటివల్ల ఇప్పుడు ఎవరూ లోపలికి రాలేరు గానీ, ఇవి ఎక్కువగా ఉన్నచోట హక్కులు ఇవ్వడమే తప్ప సమీక్షించడం జరగలేదని అర్థం చేసుకోవచ్చు. ఇవి కాక, 'డొమైన్ యూజర్స్' గ్రూపునే అడ్మినిస్ట్రేటర్స్‌లో చేర్చిన మెషీన్లు అక్కడక్కడా బయటపడతాయి. అలాంటి మెషీన్ మీద కార్యాలయంలోని ప్రతి ఒక్కరూ అడ్మినే. జాబితా పూర్తయ్యేదాకా ఆగకుండా దానిని ఆ రోజే తీసేయాలి.

రెండో దశ: ఐటీ విభాగం ఖాతాలను విడదీయడం

ఐటీ సిబ్బందిలో ప్రతి ఒక్కరికీ కనీసం రెండు ఖాతాలు ఉండాలి: ఈమెయిల్, బ్రౌజింగ్ వంటి రోజువారీ పనికి మామూలు ఖాతా ఒకటి, ఉద్యోగుల కంప్యూటర్ల నిర్వహణకు ఇంకొకటి. సర్వర్లు, డొమైన్ కంట్రోలర్లు (డొమైన్‌ను నడిపే సర్వర్లు) చూసేవారికి వాటికోసం మూడోది కూడా అవసరం. రెండో రకం ఖాతాలను 'డెస్క్‌టాప్ అడ్మిన్స్' వంటి పేరుతో కొత్త డొమైన్ గ్రూపులో పెట్టి, ఆ గ్రూపునే ఉద్యోగుల మెషీన్లలో లోకల్ అడ్మిన్ చేయాలి. డొమైన్ అడ్మిన్స్‌లో ఇద్దరు ముగ్గురికి మించి ఉండవలసిన అవసరం ఇంత పరిమాణంలోని కార్యాలయానికి రాదు.

డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్‌ను ఉద్యోగి కంప్యూటరులో ఎన్నడూ టైప్ చేయరాదు అనే నియమంలో రాజీ పనికిరాదు. ప్రింటరు పెట్టడానికి వచ్చిన యూఏసీ పెట్టెలో కొట్టడం కూడా ఇందులోకే వస్తుంది. ఆ పెట్టెలో పాస్‌వర్డ్ ఇచ్చిన క్షణంలో ఆ మెషీన్ మీద ఆ ఖాతాతో పూర్తిస్థాయి లాగిన్ జరుగుతుంది, దాని ఆధారాలు మెమరీలోకి చేరతాయి. ఆ మెషీన్ అప్పటికే హానికర ప్రోగ్రాము చేతిలో ఉంటే మొత్తం డొమైన్ తాళాలు దాని చేతిలో పెట్టినట్టే. 'ఒక్కసారికేగా' అని చేసే పని ఇదే కాబట్టి, సిబ్బంది జాగ్రత్తకు వదిలేయకుండా పాలసీతో అడ్డుకోవాలి. ఉద్యోగుల కంప్యూటర్లకు వర్తించే గ్రూప్ పాలసీలో 'యూజర్ రైట్స్ అసైన్‌మెంట్' కింద 'డినై లాగ్ ఆన్ లోకల్లీ', 'డినై లాగ్ ఆన్ త్రూ రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్' అనే రెండింటిలోనూ డొమైన్ అడ్మిన్స్ గ్రూపును చేర్చాలి. ఈ పాలసీ పొరపాటున డొమైన్ కంట్రోలర్లకో సర్వర్లకో తగలకుండా, ఉద్యోగుల కంప్యూటర్లు ఉన్న ఆర్గనైజేషనల్ యూనిట్‌కు (యాక్టివ్ డైరెక్టరీలోని విభాగానికి) మాత్రమే జోడించాలి.

ఇదే సందర్భంలో ఇంకొకటి చూసుకోవాలి. కొత్త డొమైన్‌లో ఎలాంటి ప్రత్యేక హక్కూ లేని ఉద్యోగి కూడా పది కంప్యూటర్ల వరకు డొమైన్‌లో చేర్చగలరు. అది డిఫాల్ట్ పరిమితి. దానిని సున్నా చేసి, ఆ పనిని డెస్క్‌టాప్ అడ్మిన్స్ గ్రూపుకు అప్పగించాలి.

మూడో దశ: ప్రతి మెషీన్‌కూ వేరే పాస్‌వర్డ్

అన్ని మెషీన్లలో లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటే అయితే, ఒక్కటి పోగొట్టుకున్నా అన్నీ పోయినట్టే. నెట్‌వర్క్ ద్వారా వచ్చే మామూలు లోకల్ అడ్మిన్ ఖాతాలకు విండోస్ హక్కులు తగ్గించిన టోకెన్ ఇస్తుంది గానీ, బిల్ట్-ఇన్ అడ్మినిస్ట్రేటర్‌కు డిఫాల్ట్‌గా ఆ పరిమితి లేదు. సాధారణంగా అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్‌తో ఉండేది సరిగ్గా ఆ ఖాతాయే.

ఒకప్పుడు దీనికి గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లో పాస్‌వర్డ్ పెట్టి అన్ని మెషీన్లకూ పంపేవారు. ఆ పాస్‌వర్డ్, డొమైన్‌లోని అందరూ చదవగల సిస్‌వాల్ ఫోల్డరులోని ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఉండేది. దాన్ని విప్పే తాళం బహిరంగంగా ప్రచురితమై ఉండటంతో డొమైన్‌లోని ఏ ఉద్యోగైనా చదివేయగలిగేవారు. 2014 మేలో మైక్రోసాఫ్ట్ అలా పాస్‌వర్డ్ పెట్టే సదుపాయాన్ని తొలగించింది. కానీ ఆ అప్‌డేట్ పాత ఫైళ్లను చెరపలేదు. మీ డొమైన్ అంతకంటే పాతదైతే, సిస్‌వాల్‌లోని ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో 'సీపాస్‌వర్డ్' అనే మాట కోసం వెతికి, దొరికితే ఆ ఫైలును తీసేసి, ఆ పాస్‌వర్డ్ ఎక్కడెక్కడ వాడారో అక్కడంతా మార్చాలి.

ఇప్పటి సరైన మార్గం విండోస్ ల్యాప్స్, అంటే లోకల్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ సొల్యూషన్. 2015లో విడిగా పెట్టుకోవలసిన ఉపకరణంగా వచ్చిన ఇది, 2023 ఏప్రిల్ అప్‌డేట్లతో విండోస్ 10, 11, సర్వర్ 2019, 2022లలో అంతర్భాగమైంది. అదనపు ఖర్చు లేదు. ప్రతి మెషీన్ తన లోకల్ అడ్మిన్ ఖాతాకు తానే ఒక యాదృచ్ఛిక పాస్‌వర్డ్ పెట్టుకుని, దాన్ని యాక్టివ్ డైరెక్టరీలోని తన ఆబ్జెక్టులో భద్రపరుస్తుంది. డిఫాల్ట్‌గా పాస్‌వర్డ్ పొడవు 14 అక్షరాలు, గడువు 30 రోజులు.

అమలుకు ముందుగా యాక్టివ్ డైరెక్టరీ స్కీమాను (అందులో ఏయే వివరాలు ఉండవచ్చో నిర్ణయించే నమూనాను) విస్తరించాలి. ఇది వెనక్కు తిప్పలేని మార్పు కాబట్టి, అంతకంటే ముందు డొమైన్ కంట్రోలర్ బ్యాకప్ తీసుకుని, అది పనికొస్తుందో లేదో చూసుకోవాలి. తర్వాత, కంప్యూటర్లు ఉన్న ఆర్గనైజేషనల్ యూనిట్‌లో ఆ కంప్యూటర్లకు తమ పాస్‌వర్డ్‌ను తామే రాసుకునే అనుమతి ఇవ్వాలి. పవర్‌షెల్‌లోని ల్యాప్స్ మాడ్యూల్‌లో ఈ రెండింటికీ ఒక్కో ఆదేశం ఉంది. డొమైన్ ఫంక్షనల్ లెవెల్ (డొమైన్ ఏ విండోస్ సర్వర్ వెర్షన్ స్థాయిలో నడుస్తోందో చెప్పే సెట్టింగు) 2016 ఉంటే పాస్‌వర్డ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి భద్రపరిచే అవకాశం ఉంటుంది. దానిని తప్పక వాడుకోవాలి. అప్పుడు విప్పి చదివే హక్కును డెస్క్‌టాప్ అడ్మిన్స్ గ్రూపుకు పాలసీలో స్పష్టంగా ఇవ్వాలి, లేకపోతే డొమైన్ అడ్మిన్స్ మాత్రమే చదవగలరు. ఆ యూనిట్ మీద 'ఆల్ ఎక్స్‌టెండెడ్ రైట్స్' పాతకాలంలో ఎవరికైనా ఇచ్చి ఉన్నారేమో కూడా చూడాలి. పాస్‌వర్డ్‌ను ఎన్‌క్రిప్షన్ లేకుండా ఉంచితే వారు కూడా చదవగలరు.

ఇక ప్రతి మరమ్మతూ ఇలా సాగుతుంది. సాంకేతిక సిబ్బంది తమ సొంత మెషీన్‌లో ఆ కంప్యూటరు పేరు ఇచ్చి పాస్‌వర్డ్ చూసుకుంటారు, అక్కడికి వెళ్లి యూఏసీ పెట్టెలో లోకల్ ఖాతా పేరు, ఆ పాస్‌వర్డ్ ఇస్తారు. ఉద్యోగి పక్కనుంచి చూసినా నష్టం తక్కువే: ఆ పాస్‌వర్డ్ వేరే మెషీన్‌లో పనిచేయదు, పైగా పాలసీలో వాడకం తర్వాతి చర్య డిఫాల్ట్‌గా ఉంటే వాడిన 24 గంటలకు దానంతటదే మారిపోతుంది. కూకట్‌పల్లి బ్రాంచిలో ఉన్నవారికి ఫోనులో చెప్పవలసి వస్తే ఒకేలా కనిపించే అక్షరాలతో ఇబ్బంది వస్తుంది. విండోస్ 11 24హెచ్2 నుంచి అలాంటి అక్షరాలు లేని పాస్‌వర్డ్, లేదా మాటలతో కూడిన పాస్‌ఫ్రేజ్ ఎంచుకోవచ్చు.

నాలుగో దశ: 'అడ్మిన్ కావాలి' అన్న మాట వెనుక ఉన్న పని

ఇక్కడ తొందరపడితే మిగతా అంతా వృథా అవుతుంది. ఉద్యోగి ఫోను చేసి 'సార్, ఒక్కసారి వచ్చి అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టి వెళ్తారా? ప్రతిసారీ మిమ్మల్ని పిలవడం నాకూ ఇబ్బందిగానే ఉంది' అన్నప్పుడు, పాస్‌వర్డ్ కొట్టడమో, ఖాతాను గ్రూపులో చేర్చడమో కాక, 'ఏం చేస్తుంటే అడుగుతోంది మేడమ్, ఆ పెట్టెలో ప్రోగ్రాము పేరు ఏమని ఉంది?' అని అడగాలి. యూఏసీ పెట్టెలో ప్రోగ్రాము పేరు, తయారీదారు పేరు ఉంటాయి. అసలు సమాచారం అక్కడే దొరుకుతుంది. రెండు మూడు వారాల పాటు ఇలాంటి ప్రతి పిలుపునూ ఒక పట్టికలో రాస్తే, కార్యాలయం మొత్తం అవసరాలు పది పన్నెండు రకాలకు మించవని తేలుతుంది.

ప్రింటర్ల అవసరం దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. విండోస్‌లో ప్రింటింగును నడిపే ప్రింట్ స్పూలర్‌లో 2021లో బయటపడిన లోపం తర్వాత, ఆ ఏడాది ఆగస్టు అప్‌డేట్ల నుంచి ప్రింటర్ డ్రైవర్ పెట్టడానికి డిఫాల్ట్‌గా అడ్మిన్ హక్కు తప్పనిసరి అయింది. ఆ నిబంధనను రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు ఉండే చోట) ఆపేస్తే సమస్య తీరుతుందని చాలామంది సలహా ఇస్తారు. అది ఆ లోపాన్ని మళ్లీ తెరవడమే కాబట్టి చేయకూడదు. వాడే ప్రింటర్ల డ్రైవర్లను ముందే అన్ని మెషీన్లకూ పంపి ఉంచితే, ఆ తర్వాత ప్రింటర్‌ను కలుపుకోవడం మామూలు ఉద్యోగి చేయగల పని అవుతుంది.

ఫాంట్ల కోసం అడ్మిన్ హక్కు అడిగే రోజులు పోయాయి. విండోస్ 10 1809 వెర్షన్ నుంచి ఎవరికి వారు తమ ఖాతా వరకు ఫాంటు పెట్టుకోవచ్చు. తెలుగు డీటీపీ విభాగాల్లో మాత్రం ఇంకో చిక్కు గమనించాలి. పాత పేజీ మేకప్ ప్రోగ్రామును 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'గా తెరిచి, తెలుగు కీబోర్డు మేనేజర్‌ను మామూలుగా నడిపితే, తక్కువ హక్కులున్న ప్రోగ్రాము ఎక్కువ హక్కులున్న దాని విండోలోకి కీలను పంపడాన్ని విండోస్ అడ్డుకుంటుంది. తెలుగు పడదు, ఇంగ్లీషు అక్షరాలే వస్తాయి. దాంతో ఆపరేటరు రెండింటినీ అడ్మిన్‌గా నడపడం మొదలుపెడతారు. రెండూ మామూలు హక్కులతోనే నడిచేలా చేయడమే సరైన పరిష్కారం.

డిజిటల్ సంతకం టోకెన్ల (సంతకం ఉండే యూఎస్‌బీ పరికరాల) విషయంలో ఆడిటింగ్ కార్యాలయాల్లో ఎక్కువ ఒత్తిడి ఉంటుంది, ముఖ్యంగా రిటర్నుల గడువు తేదీల్లో. టోకెన్ డ్రైవర్ పెట్టడానికి ఒక్కసారే అడ్మిన్ హక్కు కావాలి, రోజూ సంతకం చేయడానికి అక్కర్లేదు. జీఎస్‌టీ పోర్టల్‌లో వాడే ఎమ్‌సైనర్ వంటి ఉపకరణాలను అడ్మిన్‌గా తెరవమనే సూచనలు మాత్రం ఉంటాయి. వాటిని ముందు మామూలు ఖాతాతో పరీక్షించాలి. తప్పదని తేలితే, ఆ ఒక్క ప్రోగ్రాముకే హక్కులు పెంచే ఎండ్‌పాయింట్ ప్రివిలేజ్ మేనేజ్‌మెంట్ ఉపకరణం వాడాలి, లేదా సంతకాలకు ఒక ప్రత్యేక కంప్యూటరును కేటాయించి, దాంట్లో ఈమెయిల్, ఇతర బ్రౌజింగ్ లేకుండా చేయాలి. చిన్న సంస్థలకు రెండోదే చవక.

టాలీ వంటి అకౌంటింగ్ ప్రోగ్రాముల్లో తరచూ కావలసింది డేటా ఫోల్డరు మీద రాసే అనుమతే. డేటా సర్వర్ షేర్‌లో ఉన్నప్పుడు, ఉద్యోగి కంప్యూటరులో అడ్మిన్ చేసినా ఆ అనుమతి రాదు. ఆ రెండింటికీ సంబంధమే లేదు. ఐపీ చిరునామాలు మార్చవలసిన ఉద్యోగికి 'నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఆపరేటర్స్' గ్రూపు చాలు. 'పవర్ యూజర్స్' గ్రూపులో చేర్చడం వల్ల ప్రయోజనం లేదు, విస్టా నుంచి దానికి డిఫాల్ట్‌గా ప్రత్యేక హక్కులేమీ లేవు. 'బ్యాకప్ ఆపరేటర్స్'ను మాత్రం చిన్నదని పొరబడకూడదు. అనుమతులను దాటి ఏ ఫైలునైనా చదవగల హక్కు అది.

అన్నింటికంటే కష్టమైనవి స్థానికంగా ఎవరో రాసిచ్చిన పాత బిల్లింగ్, స్టాకు ప్రోగ్రాములు. 'అడ్మిన్ లేకపోతే మా సాఫ్ట్‌వేర్ నడవదు' అని తయారీదారు చెప్పినా, కారణం ఐటీ సిబ్బందే పరిశీలించాలి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ మానిటర్‌ను (ప్రోగ్రాములు ఏ ఫైళ్లను, రిజిస్ట్రీ కీలను తాకుతున్నాయో చూపే ఉపకరణాన్ని) అడ్మిన్‌గా నడిపి, ఉద్యోగి మామూలు ఖాతాతో ఆ ప్రోగ్రామును తెరవాలి. ప్రోగ్రాము పేరు మీద, ఫలితం 'యాక్సెస్ డినైడ్' మీద ఫిల్టరు పెడితే, వేల వరుసల్లోంచి పదో పాతికో మిగులుతాయి. ఉదాహరణకు, ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని తన ఫోల్డరులో ఉన్న సెట్టింగ్స్ ఫైలును రాయడానికి ప్రయత్నించి విఫలమైన వరుస కనిపించవచ్చు. ఆ కింద రిజిస్ట్రీలో మెషీన్ మొత్తానికి సంబంధించిన ఒక కీని రాయబోయి ఆగిన వరుస ఉండవచ్చు. ఆ ప్రోగ్రాము వాడేవారి గ్రూపుకు ఆ ఒక్క ఫైలు మీద 'మాడిఫై' అనుమతి, ఆ ఒక్క కీ మీద రాసే అనుమతి ఇచ్చి మళ్లీ నడపాలి. తరచూ అంతటితో సరిపోతుంది.

ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. ప్రోగ్రాము ఫోల్డరు మొత్తం మీద రాసే అనుమతి ఇవ్వకూడదు. ఉద్యోగి హక్కుతో నడిచే హానికర ప్రోగ్రాము అసలు ఎగ్జిక్యూటబుల్ ఫైలును మార్చేసి, తర్వాత ఏ అడ్మిన్ దాన్ని తెరిచినా ఆ హక్కుతో నడవగలదు. రెండోది, పాత 32-బిట్ ప్రోగ్రాములు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాసినట్టు అనుకునేలా చేసి, విండోస్ ఆ రాతను ఉద్యోగి ప్రొఫైల్‌లోని 'వర్చువల్‌స్టోర్' ఫోల్డరులోకి మళ్లిస్తుంది. హక్కులు తీసేశాక 'నిన్నటి బిల్లులు కనిపించడం లేదు' అని ఫిర్యాదు వస్తే ముందు ఆ ఫోల్డరునే చూడాలి. అడ్మిన్‌గా నడిచినప్పుడు ఒకచోట, మామూలుగా నడిచినప్పుడు మరోచోట డేటా ఉంటుంది. అందుకే మార్పుకు ముందే రెండు చోట్లా డేటా బ్యాకప్ తీసుకోవాలి.

ఐదో దశ: గ్రూప్ పాలసీతో సభ్యత్వాన్ని నిర్ణయించడం

ఒక్కో మెషీన్‌కు వెళ్లి పేర్లు తీసేస్తే కొన్ని నెలల్లో మళ్లీ పాత స్థితికే వస్తాయి. గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లో 'లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్' కింద బిల్ట్-ఇన్ అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపును ఎంచుకుని, చర్యగా 'అప్‌డేట్' పెట్టి, పాత సభ్యులైన యూజర్లను, గ్రూపులను తొలగించే రెండు గడులనూ టిక్ చేసి, ఉండవలసినవారిని మాత్రమే చేర్చాలి. ల్యాప్స్ నిర్వహించే ఖాతా, డొమైన్ అడ్మిన్స్, డెస్క్‌టాప్ అడ్మిన్స్ అందులో ఉండాలి. 'రెస్ట్రిక్టెడ్ గ్రూప్స్' అనే పాత పద్ధతి కూడా పనిచేస్తుంది. దాంట్లోని 'మెంబర్స్' జాబితా ఉన్నవారందరినీ తీసేసి కొత్తవారిని పెడుతుందని, 'మెంబర్ ఆఫ్' మాత్రం ఉన్నవారికి కలుపుతుందని గుర్తుంచుకోవాలి. ఒకే మెషీన్ మీద రెండు పద్ధతులూ కలిపి వాడితే ఏది గెలిచిందో తెలుసుకోవడమే పెద్ద పనవుతుంది.

ఒక ఇంజనీరుకు తన ఒక్క మెషీన్ మీదే హక్కు ఇవ్వవలసి వస్తే పాలసీలో ఆయన పేరు రాయనక్కర్లేదు. పాలసీలో కంప్యూటరు పేరు అనే వేరియబుల్‌ను వాడి, ప్రతి మెషీన్ తన పేరుతో అంతమయ్యే డొమైన్ గ్రూపును తనలో చేర్చుకునేలా రాయవచ్చు. ఆ తర్వాత ఏ మెషీన్‌కు హక్కు ఇవ్వాలన్నా, యాక్టివ్ డైరెక్టరీలో ఆ మెషీన్ పేరున్న గ్రూపులో ఖాతాను చేర్చడం, తీసేయడంతో సరిపోతుంది; ఎవరికి ఎక్కడ హక్కుందో ఒకేచోట కనిపిస్తుంది.

పాలసీ డిఫాల్ట్‌గా తొంభై నిమిషాలకు ఒకసారి, దానిపైన ముప్పై నిమిషాల వరకు ఆలస్యంతో, మళ్లీ వర్తిస్తుంది. అయితే ఉద్యోగి అప్పటికే లాగిన్ అయి ఉంటే పాత టోకెనే కొనసాగుతుంది. హక్కు ఇచ్చినా, తీసినా లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అయ్యాకే అమలవుతుంది. రాత్రి కంప్యూటరు లాక్ చేసి వెళ్లిపోయే అలవాటున్న కార్యాలయంలో దీనికి రోజులు పట్టవచ్చు. అమలు రోజున అందరినీ రీస్టార్ట్ చేయమని ముందే చెప్పాలి.

అమలును ముందు ఐటీ విభాగంతో, తర్వాత ఒక్కో విభాగంతో కొనసాగించాలి. అకౌంట్స్ విభాగాన్ని నెలాఖరులోనూ, జీఎస్‌టీ రిటర్నుల వారంలోనూ ముట్టుకోకూడదు. డైరెక్టర్ల కంప్యూటర్లకు మినహాయింపు ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. దాడి చేసేవారు ఎక్కువగా లక్ష్యం చేసుకునేది వారినే. వారి వద్దకు స్వయంగా వెళ్లి, ముందుగా వారి మెషీన్‌లో అమలు చేసి చూపితే, మిగతా విభాగాల్లో 'మాకే ఎందుకు' అనే ప్రశ్న రాదు.

ఆరో దశ: తాత్కాలిక హక్కుకు గడువు

కొన్ని పనులకు నిజంగానే అడ్మిన్ హక్కు కావాలి. నానక్‌రామ్‌గూడ, మాదాపూర్ ప్రాంతాల్లోని చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థల్లో డెవలపర్లకు ఇది తరచూ వస్తుంది. అలాంటి అభ్యర్థనలో మెషీన్, పని, గడువు, ఆమోదించిన వ్యక్తి అనే నాలుగూ రాతపూర్వకంగా ఉండాలి. వాట్సాప్ సందేశంతో ఇచ్చిన హక్కుకు లెక్క ఉండదు. ఫారెస్ట్ (ఒకటి లేదా ఎక్కువ డొమైన్ల సముదాయం) ఫంక్షనల్ లెవెల్ 2016 ఉంటే, గ్రూపు సభ్యత్వానికే కాలపరిమితి పెట్టే సదుపాయాన్ని యాక్టివ్ డైరెక్టరీలో ఆన్ చేయవచ్చు. నిర్ణీత సమయం అయ్యాక సభ్యత్వం దానంతటదే పోతుంది. ఒకసారి ఆన్ చేశాక దీనిని ఆపడం కుదరదని తెలుసుకునే నిర్ణయించాలి. డెవలపర్లకు దీర్ఘకాలం అవసరమైతే, వారి రోజువారీ ఖాతాకు ఇవ్వకుండా, ఆ మెషీన్‌కే పరిమితమైన రెండో ఖాతా ఇవ్వాలి. పరీక్షల కోసమైతే వర్చువల్ మెషీన్ ఇంకా మేలు.

క్లౌడ్‌లో, అంటే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ ఖాతాల వ్యవస్థ అయిన ఎంట్రాలో చేర్చిన ల్యాప్‌టాప్‌లు ఉంటే ఒక విషయం విడిగా చూడాలి: ల్యాప్‌టాప్‌ను ఎంట్రాలో చేర్చిన ఉద్యోగి డిఫాల్ట్‌గా దాని లోకల్ అడ్మిన్ అవుతారు. ఈ సెట్టింగును మార్చవచ్చు, కొత్త ల్యాప్‌టాప్‌లను సిద్ధంచేసే ఆటోపైలట్‌లో మామూలు యూజరుగా ఉంచవచ్చు. ఇంటి నుంచి పనిచేసేవారికి కొరియర్‌లో పంపే ల్యాప్‌టాప్‌ల్లో దీన్ని ముందే సరిచేయాలి.

ఏడో దశ: గమనించడం, సమీక్షించడం

లోకల్ గ్రూపులో ఎవరినైనా చేర్చినప్పుడు ఆ మెషీన్ సెక్యూరిటీ లాగ్‌లో 4732, తీసేసినప్పుడు 4733 అనే సంఖ్యలతో ఘటనలు నమోదవుతాయి. డొమైన్‌లోని గ్లోబల్ గ్రూపులకైతే డొమైన్ కంట్రోలర్‌లో 4728 వస్తుంది. మెషీన్ అడ్మిన్‌గా ఉన్నవారు అదే మెషీన్‌లోని లాగ్‌ను చెరిపేయగలరు కాబట్టి, విండోస్ ఈవెంట్ ఫార్వర్డింగ్‌తో వీటిని వేరే సర్వర్‌కు పంపాలి. పాలసీ తొలగించిన పేరు ఎక్కడైనా మళ్లీ చేరిందంటే, ఎవరో అడ్డదారి వాడుతున్నారని అర్థం. ఆ రోజే అడగాలి.

లాగ్‌లను ఎంతకాలం ఉంచాలన్నది మన ఇష్టానికి వదిలినది కాదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి, వాటిలో పేర్కొన్న సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తగిన భద్రతా చర్యలు తీసుకోనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. రోగుల నివేదికలో, ఖాతాదారుల పాన్ వివరాలో ఉన్న కార్యాలయం ఈ లెక్కను యాజమాన్యం ముందు పెట్టవచ్చు.

హక్కులు తగ్గించినంత మాత్రాన అన్నీ ఆగవు. మామూలు ఉద్యోగి హక్కుతో నడిచే ర్యాన్‌సమ్‌వేర్ (ఫైళ్లను బంధించి డబ్బు డిమాండు చేసే ప్రోగ్రాము) కూడా ఆ ఉద్యోగి రాయగల ప్రతి షేర్ ఫోల్డరునూ తాళం వేసేయగలదు. అడ్మిన్ అక్కర్లేకుండా యూజర్ ప్రొఫైల్‌లోకే ఎక్కే ప్రోగ్రాములూ ఉంటాయి. వాటికి యాప్‌లాకర్ (ఏ ప్రోగ్రాములు నడవవచ్చో నిర్ణయించే విండోస్ సదుపాయం) నియమాలు పెట్టాలి. షేర్ ఫోల్డర్ల అనుమతులు, నెట్‌వర్క్‌కు కలపని బ్యాకప్ ఈ పనికి జోడు చర్యలు.

మూడు నెలలకు ఒకసారి మొదటి దశలోని స్క్రిప్టునే మళ్లీ నడిపి, కొత్త జాబితాను పాతదానితో పోల్చాలి. విభాగాధిపతులకు వారి విభాగం పేర్లు పంపి, ఇంకా అవసరమా అని రాతపూర్వకంగా సమాధానం తీసుకోవాలి. సమాధానం రాని హక్కును తీసేయాలి. ఉద్యోగి రాజీనామా చేసినప్పుడు ఖాతా నిలిపివేత ఎలాగూ జరుగుతుంది. రాజీనామా చేసినది ఐటీ సిబ్బంది అయితే, ల్యాప్స్ పాస్‌వర్డ్‌లన్నింటికీ గడువు అదే రోజు ముగిసేలా చేసి, సర్వీసు ఖాతాల పాస్‌వర్డ్‌లు, రౌటరు, స్విచ్చుల పాస్‌వర్డ్‌లు కూడా మార్చాలి. బయటి నుంచి ఏడాది నిర్వహణ ఒప్పందం మీద వచ్చే ఇంజనీర్లకు ఉమ్మడి ఖాతా ఇవ్వకుండా, ఒక్కొక్కరికీ సొంత పేరుతో, ఒప్పందం ముగిసే తేదీనే గడువుగా పెట్టిన ఖాతా తెరవాలి.